రాయగడలో ఆరు నెలల నాయకత్వ శిక్షణ: ఒక జిన్నింగు మిల్లు యజమాని సమీక్ష

కిందటి ఆగస్టు మొదటి వారంలో ఒడిశాలోని రాయగడలో ఒక హోటల్లో రెండు రోజుల తరగతితో మొదలై, జనవరి నెలాఖరుకు ముగిసిన ఒక నాయకత్వ శిక్షణ కార్యక్రమంలో నేను మొదటి నుంచి చివరి దాకా పాల్గొన్నాను. చిన్న, మధ్యతరహా వ్యాపారాల యజమానుల కోసం విశాఖపట్నానికి చెందిన ఒక సంస్థ దీనిని తెలుగులో నడుపుతోంది. రుసుము 42,000 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 49,560 రూపాయలు. వ్యాపారం పేరిట బిల్లు తీసుకుంటే ఆ పన్ను భాగం ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మనం కట్టవలసిన జీఎస్టీలో తగ్గింపుగా, కలిసివస్తుంది కనుక, మొదటి రోజే జీఎస్టీ నంబరు ఇచ్చి బిల్లు రాయించుకోవడం మంచిది. ఈ సొమ్ముకు లభించేవి ప్రారంభంలో రెండు రోజుల తరగతి, పదిహేను రోజులకు ఒకసారి శిక్షకునితో ముప్పావు గంట ఫోను సంభాషణ, మధ్యలో ఒక రోజు ఆయన మన సంస్థకే వచ్చి చూసి వెళ్లడం, ఒక ముద్రిత అభ్యాస పుస్తకం, ఒక మొబైల్ యాప్. మొదటి మూడింటికీ ఆ డబ్బు చెల్లుతుందని నా అభిప్రాయం. యాప్‌కు మాత్రం ఒక్క రూపాయి కూడా చెల్లదు.

సంస్థ పేరు రాయడం లేదు. నేను ఎత్తి చూపిన లోపాలలో కొన్నింటిని వచ్చే బ్యాచికి సరిచేస్తామని వారు ఒప్పుకున్నారు. ఆ మాట నిలబెట్టుకునే వ్యవధి ఇవ్వకుండా పేరును బజారులో పెట్టడం న్యాయం కాదనిపించింది. రాయగడ వ్యాపారులకు ఎలాగూ ఎవరో తెలుసు.

మాది పత్తి జిన్నింగు మిల్లు. గుణుపురం, బిస్సంకటక్, మునిగుడ వైపు రైతుల దగ్గర పత్తి కొని, గింజ వేరు చేసి, దూదిని 170 కిలోల బేళ్లుగా కట్టి అమ్ముతాం. నవంబరు నుంచి మార్చి దాకా సీజను. ఆ అయిదు నెలలూ నలభై మంది దాకా పనిచేస్తారు, మిగతా రోజుల్లో పన్నెండు మంది. నాన్నగారు పెట్టిన మిల్లు ఇది. పదకొండేళ్ల క్రితం నాకు అప్పగించారు. అయితే ఆ అప్పగింత పూర్తయిందా అన్న ప్రశ్నకు సమాధానం నేననుకున్నంత తేలిక కాదని ఈ శిక్షణలోనే తెలిసింది. మా కాటా గుమస్తా తెలుగువారు, జిన్ను (గింజ తీసే యంత్రం) ఫిటరు ఒడియా ఆయన, పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్లలో ఎక్కువమంది కువి మాట్లాడే కొంధు గిరిజన గ్రామాల వారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది కనుక, ఇక్కడ దుకాణంలో తెలుగు, సర్కారు కచేరీలో ఒడియా, సంతలో కువి ఇప్పటికీ కలిసే నడుస్తాయి. ఈ వివరం ముందే చెప్పడానికి కారణం ఉంది: ఈ శిక్షణలోని పెద్ద లోపం సరిగ్గా ఇక్కడే బయటపడింది.

తరగతికి పది రోజుల ముందు ఒక పని ఇచ్చారు. జేబులో పట్టే చిట్టి పుస్తకం ఒకటి పెట్టుకుని, ఆరు పనిదినాల పాటు, ఎవరైనా మన దగ్గరకు నిర్ణయం కోసం వచ్చిన ప్రతిసారీ ఒక గీత గీసి, పక్కనే విషయం రెండు మాటల్లో రాయాలి. ఎదురుగా వచ్చి అడిగినా గీతే, ఫోను చేసి అడిగినా గీతే. జులై నెలాఖరులో మా మిల్లులో మరమ్మతులు తప్ప పని ఉండదు. అయినా ఆరు రోజుల్లో 88 గీతలు పడ్డాయి. బేరింగు విజయనగరం నుంచి తెప్పించాలా, ఇక్కడే కొనాలా అన్నది ఒకటి. వాచ్‌మనుకు జీతంలో ముందుగా వెయ్యి ఇవ్వవచ్చా అన్నది ఒకటి. టీ కొట్టు బాకీ వారానికి కట్టాలా, నెలకు కట్టాలా అన్నది మూడు రోజుల్లో రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ నేను వేరు వేరు జవాబులు చెప్పాను. ఈ 88లో నేను తప్ప ఇంకెవరూ తేల్చలేనివి ఏవని శిక్షకుడు తరగతిలో అడిగినప్పుడు, బాగా ఆలోచించి ఏడు చూపించాను. ఆయన ఆ ఏడింటిలోనూ మూడు కొట్టేశారు. ఈ ఒక్క అభ్యాసం కోసమైనా ఈ కార్యక్రమాన్ని మెచ్చుకోవాలి. రూపాయి ఖర్చు లేకుండా ఎవరి మటుకు వారు చేసుకోగలిగినదే. చేయం, అది వేరే సంగతి.

తరగతికి ఇరవై ఇద్దరం వచ్చాం. గుణుపురం రైసు మిల్లు వారు, జయపురం మందుల హోల్‌సేలు వారు, పర్లాకిమిడి నుంచి ఇద్దరు, హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో కొరాపుట్ నుంచి దిగిన ఒక హార్డువేరు వ్యాపారి, ఇద్దరు మహిళా యజమానులు ఉన్నారు. ఇడ్లీ మెత్తగా ఉంది, మైకు సరిగా లేదు. హోటలు గురించి ఇంతకు మించి చెప్పవలసింది లేదు. మొదటి పూట మాత్రం వృథా. తెల్లవారుజామున అయిదింటికి లేచినవారే పైకి వస్తారని, లేచిన వెంటనే లక్ష్యాలు పదిసార్లు రాసుకోవాలని ఒక సహాయ శిక్షకుడు గంటన్నర సేపు ఉత్సాహంగా చెప్పారు. సీజనులో రాత్రి ఒంటిగంటకు ఆఖరి లారీ దించుకునే మాలాంటి వారికి అయిదింటికి నిద్రలేవడం ఎటువంటి సుగుణమో నాకు అర్థం కాలేదు. పక్కనున్న రైసు మిల్లు ఆయన, "అయిదింటికి లేవడం కాదండి, అయిదింటికి పడుకుంటున్నాం" అని మెల్లగా అన్నారు.

అదే పూట తెర మీద, ఏ అలవాటైనా 21 రోజుల్లో స్థిరపడుతుందని చూపించారు. ఇది సరి కాదని నేను లేచి చెప్పవలసి వచ్చింది. ఆ 21 అన్న అంకె, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జను 1960లో తన రోగులు మారిన ముఖానికి అలవాటు పడడానికి కనీసం అన్ని రోజులు పడుతోందని రాసిన మాట నుంచి వచ్చింది. నోటి నుంచి నోటికి వెళుతూ "కనీసం" అన్న మాట రాలిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించినప్పుడు, రోజూ చేసే చిన్న పని ఆలోచించకుండా జరిగే స్థితికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. అదే అధ్యయనంలో వ్యాపారస్థుడికి పనికివచ్చే మాట ఇంకొకటి ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అప్పటిదాకా కుదిరినదంతా పోదు. 21వ రోజుకు ఏమీ కుదరలేదని పుస్తకం మూలన పడేసేవారు మన చుట్టూ ఎందరో ఉన్నారు కనుకనే ఈ తేడాను పట్టించుకున్నాను. ప్రధాన శిక్షకుని పట్ల నాకు గౌరవం కలిగినది ఇక్కడే. ఆయన వాదించలేదు, నవ్వి దాటవేయలేదు. రెండో రోజు ఉదయం ఆ పుట తీసివేసి, నిన్న తప్పు చెప్పామని అందరి ముందూ అన్నారు. నాయకత్వం గురించి ఆ రెండు రోజుల్లో విన్న మాటలలో నాకు బాగా గుర్తున్నది అదే.

రెండో రోజు మధ్యాహ్నం నుంచి విషయం చిక్కబడింది. అత్యవసరం, ముఖ్యం అన్న రెండు గీతలతో నాలుగు గళ్లు గీసి పనులను వాటిలో పంచే పద్ధతి చాలామందికి తెలిసినదే. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో ఒక ప్రసంగంలో, ఒక మాజీ కళాశాల అధ్యక్షుని మాటగా దీనికి మూలమైన ఆలోచనను చెప్పారు. గళ్లు గీసినది తరువాతి వారు. మా 88 గీతలను ఆ గళ్లలో వేయమన్నారు. నావి దాదాపు అన్నీ అత్యవసరం, కానీ ముఖ్యం కాదు అన్న గడిలోనే పడ్డాయి. పద్ధతి అక్కడితో ఆగిపోతే అదొక కాలక్షేపం అయ్యేది. శిక్షకుడు అడిగిన ప్రశ్న వేరు: ఇది ఎవరికి అత్యవసరం? గేటు దగ్గర నిలబడిన డ్రైవరుకు అత్యవసరమైనది నాకు కాకపోవచ్చు, కాని నా జవాబు వచ్చేదాకా అతను కదలలేడు కనుక అతని తొందర నా ఫోనులోకి వస్తోంది. అతని దగ్గరున్న మనిషికే జవాబు చెప్పే అధికారం ఉంటే ఆ పని అసలు ఏ గడిలోకీ రాదు.

మా మిల్లులో ఈ మాట పత్తి తేమ దగ్గర పరీక్షకు నిలిచింది. పత్తి కొనుగోలులో ధర తరువాత అంతటి వివాదం తేమదే. కేంద్ర ప్రభుత్వ సంస్థ కాటన్ కార్పొరేషన్ కొనుగోళ్లలో 8 నుంచి 12 శాతం వరకే తేమను అనుమతించి, 8 దాటిన మేరకు ధర తగ్గిస్తారు. ప్రైవేటు మిల్లులు పన్నెండు దాటినదీ కొంటాయి, కాని కోత ఎంత అన్నది బేరం. మా దగ్గర ఆ బేరం ప్రతిసారీ నా ఫోనులోనే జరిగేది. గుమస్తా సంచిలో తేమ మీటరు గుచ్చి, నాకు ఫోను చేసి, "బాబూ, పదమూడున్నర వచ్చింది, ఏటి చెయ్యమంటారు?" అని అడిగేవారు. ఇరవై ఏళ్లుగా పత్తిని చేతితో నలిపి చూసే మనిషికి జవాబు తెలియక కాదు, చెప్పే అధికారం లేక. నేను బ్యాంకులోనో, మజ్జిగౌరమ్మ గుడిలోనో ఉండి ఫోను ఎత్తకపోతే బండి గేటు దగ్గరే ఉండిపోయేది. ఆ బండి వెనుక ఇంకో నాలుగు. ఎదురుచూసే రైతు పక్క మిల్లుకు పోయిన రోజులు ఉన్నాయి.

నవంబరు రెండో వారంలో శిక్షకుడు మిల్లుకు వచ్చి ఒక రోజంతా కాటా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆ వారం నేను మళ్లీ పుస్తకం పెట్టి లెక్కిస్తే 214 గీతలు వచ్చాయి, వాటిలో సగానికి పైగా తేమవే. సాయంత్రం ముగ్గురం కూర్చుని ఒక అట్ట మీద పట్టిక రాశాం. 8 వరకు పూర్తి ధర. 8 నుంచి 12 దాకా ప్రతి శాతానికి ధరలో ఒక శాతం కోత. 12 నుంచి 14 దాకా గుమస్తా తన ఉద్దేశం ప్రకారం ఇంకో రెండు శాతం వరకు కోయవచ్చు, తెలిసిన రైతైతే కోయకుండా వదలనూవచ్చు. 14 దాటితే రైతును అడిగి ఆరబెట్టించాలి, ఆయన ఒప్పుకోకపోతేనే నాకు ఫోను. ఆ అట్టకు ప్లాస్టిక్ కవరు తొడిగి కాటా గదిలో మేకుకు తగిలించాం. గుమస్తా దానిని రెండుసార్లు చదివి, "కిందన మీరొక సంతకం పెట్టండి బాబూ" అన్నారు. సంతకం పెట్టేటప్పుడు నా చేయి ఎందుకో కొంచెం తడబడింది. పదకొండేళ్లలో ఆ గదికి నేనిచ్చిన మొదటి రాతపూర్వకమైన అధికారం అది.

డిసెంబరులో దెబ్బ తగిలింది. ఒక పికప్ బండిలో వచ్చిన 15 క్వింటాళ్ల పత్తికి గుమస్తా 11 శాతం తేమ రాసి తీసుకున్నారు. దించేటప్పుడు చూస్తే అడుగు సంచులు 16 దగ్గర ఉన్నాయి. క్వింటాకు 7,000 రూపాయల లెక్కన వేలల్లో నష్టం. వెంటనే వెళ్లి అట్ట మేకు నుంచి తీసి నా బల్ల సొరుగులో పెట్టాను. మరునాడే శిక్షకుని ఫోను వంతు. జరిగినది చెప్పి, అధికారం ఇవ్వడం తొందరపాటు అయిందన్నాను. ఆయన రెండే ప్రశ్నలు వేశారు. "ఈ నెల రోజుల్లో ఆ అట్ట చూసి ఎన్ని బండ్లు తీసుకున్నారు?" నూట తొంభై దాకా. "అందులో ఎన్ని తప్పాయి?" ఒకటి. ఆ తరువాత ఆయన ఏమీ అనలేదు, నేను మాట్లాడేదాకా ఊరుకున్నారు. పట్టిక తప్పు కాదు, మీటరు పైసంచిలోనే గుచ్చడం తప్పు. బండికి అయిదు చోట్ల, అందులో రెండు అడుగున, అన్న వాక్యం చేర్చి సాయంత్రానికి అట్టను మళ్లీ మేకుకు తగిలించాను. ఈ పదిహేను రోజుల ఫోను సంభాషణ లేకపోతే అట్ట నా సొరుగులోనే మిగిలేదని ఖాయంగా చెప్పగలను. తరగతిలో విన్నది ఎవరైనా మరచిపోతారు; చెడినప్పుడు అడిగే మనిషి ఒకరున్నారన్నదే ఈ సేవలో అసలు సరుకు. రుసుములో సగం దానికే ఇచ్చామనుకోవాలి.

మనిషిని బట్టి నడిపించే తీరు మారాలన్న పాఠం కూడా ఉపయోగపడింది. పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ 1969లో ప్రతిపాదించిన పద్ధతి అది: పని కొత్తవారికి చెప్పి చేయించడం, కొంత తెలిసినవారికి నచ్చజెప్పడం, తెలిసినవారితో కలిసి చేయడం, నిలదొక్కుకున్నవారికి అప్పగించడం. చదివితే సామాన్యమైన మాట. మా మిల్లులో మాత్రం నేను దానిని తలకిందులుగా నడుపుతున్నాను. ఇరవై రెండేళ్ల అనుభవమున్న ఫిటరుకు జిన్ను రోలర్ల సందు ఎంత ఉంచాలో రోజూ చెబుతూ, నిన్న మొన్న డిప్లొమా ముగించి వచ్చిన కుర్ర సూపర్‌వైజరును సర్టిఫికెట్ ఉంది కదా అని వదిలేశాను. ఫిటరు ముఖం చిన్నబుచ్చుకునేవారు, కుర్రవాడు బిక్కమొహం వేసుకునేవాడు. రెండింటికీ కారణం నేనేనని తెలియడానికి 1969 నాటి అమెరికా సిద్ధాంతం కావలసి వచ్చింది.

ఇక లోపాలలో పెద్దది. పనివారికి తప్పొప్పులు చెప్పడానికి ఒక నమూనా నేర్పారు: ఏ సందర్భంలో, ఏం చేశారు, దాని ఫలితం ఏమిటి అని మూడు ముక్కలుగా చెప్పడం. అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ వాడుకలోకి తెచ్చిన ఈ పద్ధతిలో దోషం లేదు. కాని దాని తెలుగు వాక్యాలు విశాఖలో ఒక కార్యాలయంలో పుట్టినవి. వాటిని నేను ఒడియాలోకి మార్చుకుని ఫిటరుతో, హెల్పర్లతో మాట్లాడితే, ప్రతి వాక్యం చివరా "ఆజ్ఞా" అన్న జవాబే వచ్చింది. మనం "చిత్తం" అన్నట్టు అది పెద్దవారి ముందు పలికే మర్యాద మాట. విన్నాను అని దాని అర్థం, ఒప్పుకున్నాను అని కాదు. నేను నెల రోజులు దానిని అంగీకారం అనుకుని పుస్తకంలో టిక్కులు పెట్టుకున్నాను. కువి మాట్లాడే ఆడవాళ్ల దగ్గర ఆ పాటి జవాబైనా లేదు. కువి మన తెలుగుకు దూరపు చుట్టమైన ద్రావిడ భాషే, కాని చుట్టరికం ఉన్నంత మాత్రాన మాట అర్థం కాదు కదా. సరిహద్దు జిల్లాల్లో శిక్షణ ఇచ్చేవారు తమ శ్రోత తెలుగువాడైనా అతని మనుషులు తెలుగువారు కాకపోవచ్చని మొదటి రోజే గుర్తించాలి. ఈ విషయం నేను చెప్పినప్పుడు శిక్షకుడు నిజాయితీగా తన దగ్గర జవాబు లేదన్నారు. వచ్చే బ్యాచికి ఒడియా తెలిసిన సహాయకుని పెడతామన్నారు.

దారి మాకు అనుకోకుండా దొరికింది. పని ముగిశాక పది నిమిషాలు నిలబడి నాలుగు ప్రశ్నలు అడిగే అలవాటు ఒకటి నేర్పారు: ఏమి జరగాలనుకున్నాం, ఏమి జరిగింది, తేడా ఎందుకు వచ్చింది, రేపు ఏం చేద్దాం. అమెరికా సైన్యం 1970ల నుంచి తన శిక్షణలో వాడుతున్న పద్ధతి ఇది. అందులో ముఖ్యమైన షరతు, ఎవరు చేశారన్న ప్రశ్న వేయకూడదు, అందరికన్నా పెద్దవాడు ఆఖరున మాట్లాడాలి. జనవరి మొదట్లో ఒక మధ్యాహ్నం జిన్ను దగ్గర నిప్పురవ్వ లేచి, దూది కొంత అంటుకుంది. ఇసుక బకెట్లతో రెండు నిమిషాల్లో ఆర్పేశారు, నష్టం పెద్దది కాదు. కాని జిన్నింగు మిల్లులో నిప్పు అంటే ఎవరికైనా ప్రాణం ఝల్లుమంటుంది. సాయంత్రం అందరినీ నిలబెట్టి ఆ నాలుగు ప్రశ్నలు అడిగాను. కువి, ఒడియా రెండూ వచ్చిన ఒక అమ్మాయిని ఆడవాళ్ల పక్కన నిలబెట్టి, ప్రశ్న ముందు వాళ్లకే వేయించాను. చెత్త ఏరే ఒక పెద్దావిడ కొంగు ముడి విప్పి, వేలెడంత ఇనుప తీగ ముక్కలు మూడు అరచేతిలో పెట్టి చూపించింది. ఒక ఊరి నుంచి వచ్చే సంచుల మూతి పురికొసతో కాక తీగతో కడుతున్నారట. విప్పేటప్పుడు తెగిన ముక్కలు పత్తిలో పడుతున్నాయట. దొరికినవి వారం రోజులుగా దాచి పెడుతోంది. ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగాను. ఆవిడను అడిగినవారే లేరు.

మరునాటి నుంచి తీగ కట్టిన సంచులను కాటా దగ్గరే విప్పించి తీగ లెక్కపెట్టి డబ్బాలో వేయిస్తున్నాం. ఆ అమ్మాయికి నెలకు అయిదు వందలు అదనంగా ఇచ్చి, సాయంత్రపు పది నిమిషాలకు దుబాసీగా పెట్టాం. అభ్యాస పుస్తకంలో ఈ నాలుగు ప్రశ్నలకు అర పుట మాత్రమే ఇచ్చారు, తెల్లవారుజామున లేవడానికి పదకొండు పుటలు ఇచ్చారు. ఎవరు సంపాదకత్వం చేశారో తెలియదు.

మిగతావి త్వరగా చెప్పి ముగిస్తాను. యాప్ తెలుగులో ఉందన్నారు. ఉన్నది యంత్రం మార్చిన తెలుగు, "మీ రోజును గెలవండి" వంటి వాక్యాలు రోజుకు మూడుసార్లు మోగుతాయి. రెండో వారంలో తీసేశాను. వ్యక్తిత్వ పరీక్ష ఒకటి ఇంగ్లీషులో 90 ప్రశ్నలతో పెట్టారు. గుణుపురం రైసు మిల్లు ఆయన తన కుమార్తె చేత పూరింపించారు, వచ్చిన ఫలితం ఎవరి వ్యక్తిత్వమో ఇప్పటికీ తేలలేదు. వాట్సాప్ బృందంలో ఉదయం పూట సూక్తులు నిండి, పనికివచ్చే ప్రశ్నలు కిందికి జారిపోయేవి. ఇద్దరు మహిళా యజమానులకు రాత్రి ఎనిమిదింటి ఫోను వేళ కుదరదని మొదటే చెప్పినా నెల రోజులకు గాని మార్చలేదు. ఆగస్టులో మొదలుపెట్టడం మాత్రం మాలాంటి సీజను వ్యాపారులకు కలిసివచ్చింది: మూడు నెలలు తీరికగా నేర్చుకుని, మూడు నెలలు రద్దీలో పరీక్షించుకున్నాం. మందుల దుకాణం వారికి ఈ తేడా లేదు కనుక వారు ఎప్పుడు చేరినా ఒకటే.

పది మందికి పైగా పనివారుండి, ప్రతి చిన్న విషయానికీ ఫోను మోగే యజమానికి ఇది పనికివస్తుంది. ముగ్గురు నలుగురితో దుకాణం నడిపేవారికి ఈ ఖర్చు దండగ. వారు చిట్టి పుస్తకం అభ్యాసం చేసుకుంటే చాలు. తరగతి మాత్రమే చాలు, ఫోన్లు వద్దు అనుకునేవారు అసలు చేరకపోవడం మంచిది. ఉమ్మడి కుటుంబ వ్యాపారమైతే చేరే ముందు ఒక మాట ఆలోచించాలి, ఎందుకంటే ఈ కార్యక్రమమంతా యజమాని ఒక్కడే అన్న లెక్కతో కట్టినది. అన్నదమ్ములు, మేనమామలు, విశ్రాంతి తీసుకుంటున్నామంటూ రోజూ గల్లా దగ్గర కూర్చునే పెద్దలు దాని పుటల్లో ఎక్కడా లేరు.

జనవరి చివరి వారంలో మళ్లీ గీతలు లెక్కపెడితే 58 వచ్చాయి. 214 నుంచి 58కి వచ్చామన్న సంతోషంతో ఆ పుస్తకం నాన్నగారికి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని పుటలన్నీ తిరగేసి, "నాకూ ఇటువంటిది ఒకటి తెచ్చిపెట్టు" అన్నారు. తెచ్చిపెట్టాను. ఆరు రోజుల తరువాత చూస్తే మిల్లు నుంచి ఆయనకు వచ్చిన ఫోన్లు 31 ఉన్నాయి, వాటిలో 19 కాటా గుమస్తావే. అట్టలో 14 దాటితేనే నాకు ఫోను చేయాలని ఉంది. పెద్దయ్యగారికి చేయకూడదని ఎక్కడా లేదు. శిక్షణ అప్పటికే ముగిసింది. వచ్చే బ్యాచిలో ఒక రోజు నాన్నగారిని వెంటబెట్టుకుని వస్తాను, దానికి వేరే రుసుము తీసుకుంటారా అని సంస్థకు రాశాను. పరిశీలిస్తామన్నారు. ఈలోగా అట్ట మీద ఇంకో వాక్యం చేర్చాలి. అది నేను రాయక, నాన్నగారి చేత రాయించాలని అనుకుంటున్నాను.